చార్లెస్ వర్డ్స్‌వర్త్ గురించి రాస్తున్నాను, కాస్త సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ జట్ల మధ్య మొదటి క్రికెట్ మ్యాచ్ 1827లో లండన్‌లోని లార్డ్స్ మైదానంలో జరిగింది. దాన్ని పట్టుబట్టి జరిపించినవాడు చార్లెస్ వర్డ్స్‌వర్త్. కవి విలియం వర్డ్స్‌వర్త్‌కి తమ్ముడి కొడుకు. ఆ మ్యాచ్‌లో ఆక్స్‌ఫర్డ్ తరఫున 25 పరుగులకే 7 వికెట్లు తీశాడు. వాన వల్ల ఆట డ్రా అయింది, లేకపోతే ఆక్స్‌ఫర్డ్‌దే గెలుపు అని నా నమ్మకం. రెండేళ్లకు, 1829లో, ఈ రెండు యూనివర్సిటీల మొదటి పడవ పందెంలో కూడా ఆయన తెడ్డు వేశాడు!

తర్వాత మత గురువై, స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌కి బిషప్ అయ్యాడు. 1892లో చనిపోయేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు. ఇంత మంచి జీవితం గురించి తెలుగులో ఒక వ్యాసం ఉండాలని నా కోరిక.

నాకు కావలసినవి ఇవి. 1827 నాటి ఇంగ్లండ్ పత్రికలను ఇంటి నుంచే చదివే దారి ఎవరైనా చెప్పగలరా? సెయింట్ ఆండ్రూస్‌లో చదువుతున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడ ఆయన గుర్తులేమైనా కనిపిస్తే ఫోటో తీసి పెడతారా? ఇంకో విషయం, ఆ రోజుల్లో చెయ్యి భుజం పైకెత్తి బంతి వేయడం నిబంధనలకు విరుద్ధం, 1864లో గానీ ఒప్పుకోలేదు. అండర్‌ఆర్మ్ బౌలింగ్‌కి, అంటే చెయ్యి కింద నుంచి ఊపి బంతి వేయడానికి, పిల్లలకు కూడా అర్థమయ్యే తెలుగు మాట ఏదైనా ఉందా? మీ ఊళ్లో ఏమనేవారో చెప్పినా చాలు.