బ్రాంచి లైను నమూనా: వలయమా, చివరి స్టేషనుతో ముగిసే లైనా?

లూప్‌లైన్:
పల్లెల మీదుగా సాగే ఒంటి లైను బ్రాంచిని ఆధారంగా తీసుకుని, 3 మీటర్ల గోడ వెంబడి హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, నమూనా రైలుమార్గం కట్టదలచుకున్నాను. రైలు ఆగకుండా తిరిగే వలయం మేలా, లేక ఒక కొసన చివరి స్టేషను, రెండో కొసన తెర చాటున రైళ్ళను సర్దుకునే ఫిడిల్ యార్డు పెట్టడం మేలా? దయచేసి కారణాలతో సహా చెప్పండి.

గార్డుపెట్టె:
వలయం వద్దనే నా అభిప్రాయం. స్థలం చాలకపోవడం అందుకు ప్రధాన కారణం కాదు. బ్రాంచి లైనులో చూడదగిన పని అంతా, రైలు వెళ్ళిన దారినే తిరిగి రావలసి ఉండటం వల్ల పుడుతుంది. చివరి స్టేషను చేరిన ఇంజను బండి నుంచి విడిపడి, లూపు, అంటే రెండు కొసలా ప్రధాన లైనులో కలిసే పక్క లైను, గుండా బండి అవతలి కొసకు వెళ్ళి తగులుకుంటే తప్ప తిరుగు ప్రయాణం సాగదు. దారిలో వ్యాగన్లను నిలిపే పక్క లైన్ల, అంటే సైడింగుల, సంగతీ అంతే. పట్టాలు చీలే చోటైన పాయింటు ట్రెయిలింగ్ పాయింటు అయితే, అంటే రైలు వెళ్ళే దిశలో సైడింగు వచ్చి ప్రధాన లైనులో కలిసేదైతే, రైలు దానిని దాటి వెళ్ళి, వ్యాగనును వెనక్కి నెట్టి లోపల పెట్టవచ్చు. ఫేసింగ్ పాయింటు అయితే, అంటే వెళ్ళే దిశలో సైడింగు విడిపోయేదైతే, ముందున్న ఇంజనే సైడింగులోకి దూరి, వ్యాగను వెనుక అడ్డుపడటంతో లోపల చిక్కుకుపోతుంది. అందుకే దగ్గరలో లూపు లేని చోట ఆ వ్యాగనును చివరి స్టేషను దాకా తీసుకుపోయి, పాయింటు అనుకూల దిశలోకి వచ్చే తిరుగు ప్రయాణంలో వదిలివస్తారు. ఎప్పుడూ ఒకే దిక్కున తిరిగే రైలుకు ఈ అవసరమే రాదు.

మలుపుదారి:
గార్డుపెట్టె గారి వాదన షంటింగు, అంటే వ్యాగన్లను అటూ ఇటూ మార్చి సర్దే పని, ఇష్టపడేవారికి నప్పుతుంది. కానీ గంటకు 30 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే సెకనుకు సుమారు 9.6 సెంటీమీటర్లు వస్తుంది. ఆ లెక్కన 3 మీటర్ల ప్రయాణం అర నిమిషంలో ముగిసిపోతుంది. పొలాల నడుమ తాపీగా సాగే బండిని కళ్ళారా చూడాలనుకునేవారి మాటేమిటి? కొత్త ఇంజనును కొంతసేపు ఆగకుండా నడిపి చూసుకోవడానికైనా వలయం కావాలి. దాని వెనుక సగాన్ని తెర చాటున దాచవచ్చు. హెచ్‌ఓకు చోటు చాలదనుకుంటే 1:160 నిష్పత్తి గల ఎన్ స్కేలు ఉండనే ఉంది.

గార్డుపెట్టె:
అర నిమిషం లెక్క సరైనదే, కానీ చిన్న నమూనాలో కాలం గడిచేది ప్రయాణంలో కాదు, పనిలో. అలన్ రైట్ రూపొందించిన షంటింగు పజిల్ ఇంగిల్‌నుక్ సైడింగ్స్ చూడండి: 5, 3, 3 వ్యాగన్లు పట్టే మూడు లైన్లలో ఉన్న 8 వ్యాగన్ల నుంచి, చీటీలు తీసి వచ్చిన వరుసలో 5 వ్యాగన్ల బండిని కూర్చాలి. అలా 6,720 వరుసలు సాధ్యమవుతాయి. ఎన్ స్కేలులో వలయం ఇముడుతుందన్న మాట నిజమే గాని, అంత తేలికైన వ్యాగన్లను నెమ్మదిగా తగిలించడం, విడదీయడం సహనానికి పరీక్ష. హెచ్‌ఓలో 46 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వలయం వేసినా బల్ల వెడల్పు మీటరు దాటుతుంది. గోడకు ఆనించిన బల్ల మీద వెనుక మూలన పట్టాలు తప్పిన బండిని అందుకోవడానికి చెయ్యి చాలదు.

ఇక లూప్‌లైన్ గారూ, పాయింట్లు కొనక ముందే రైలు పొడవు నిర్ణయించుకోండి. 14 సెంటీమీటర్ల వ్యాగన్లు నాలుగనుకుంటే లూపులో 60 సెంటీమీటర్ల నికరమైన చోటు కావాలి. రెండు కొసల పాయింట్లకు మరో 50, ఇంజను లూపులోకి మళ్ళడానికి చివర 25 కలిపితే 135 అవుతుంది. ఫిడిల్ యార్డుకు 90 పోగా మిగిలేది 75 సెంటీమీటర్లు. ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, అక్కడ ఇంకో సైడింగు వేయాలనిపిస్తుంది. వేయకండి. మలుపుదారి గారు కోరిన పొలాలు, ఒక చిన్న మోరీ, గేటు లేని లెవెల్ క్రాసింగు అక్కడే రావాలి.

లూప్‌లైన్:
ఆ 75 సెంటీమీటర్లలో పట్టాలను గోడకు సమాంతరంగా కాక కొద్దిగా వంకరగా వేస్తే బల్ల పొట్టిగా ఉన్న సంగతి అంతగా కనిపించదనుకుంటున్నాను. స్టేషనుకు లూపు, ఒకే సైడింగు, అదీ ట్రెయిలింగ్ పాయింటుతో, అని గీసుకున్నాను. ఇంజను పాయింటు మీద ఆగిపోకుండా లైవ్ ఫ్రాగ్, అంటే పట్టాలు కలిసే మొనకు కూడా కరెంటు అందే ఏర్పాటు, ఉన్నవే తీసుకుంటాను.