వాయిస్ మెయిల్ పాస్‌వర్డ్ సరైనదే, కానీ ఫోన్ ఒప్పుకోవడం లేదు

ప్రశ్న (చీమకుర్తి నుంచి)

అందరికీ నమస్కారం. చీమకుర్తిలో గ్రానైట్ పలకలు కోసి పాలిష్ చేసే ఒక యూనిట్ కార్యాలయంలో లెక్కలూ ఫోన్లూ రెండూ నేనే చూస్తుంటాను. ఎనిమిది ఎక్స్‌టెన్షన్లున్న మా ఫోన్ వ్యవస్థ ఫ్రీపీబీఎక్స్ అనే ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. అమెరికాలో పగలైతే మనకు రాత్రి కనుక, గెలాక్సీ రాయి (మెరిసే చుక్కలున్న నల్ల గ్రానైట్) కోసం అక్కడి కొనుగోలుదారులు చేసే ఫోన్లన్నీ 103 ఎక్స్‌టెన్షన్ వాయిస్ మెయిల్‌లోకే చేరతాయి. పోయిన వారం పిడుగు పడి 103 ఫోన్ కాలిపోవడంతో ఒంగోలు నుంచి వేరే కంపెనీ ఐపీ ఫోన్ తెచ్చి పెట్టాము. మాట్లాడుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. అయితే వాయిస్ మెయిల్ వినడానికి స్టార్ 97 నొక్కి పాస్‌వర్డ్ కొడితే తప్పని చెబుతోంది, మూడోసారికి లైను తెగిపోతోంది. రెండేళ్లుగా రోజూ కొట్టిన పాస్‌వర్డే అది. కొత్త మెసేజ్ ఉందని చెప్పే ఎర్ర దీపం మాత్రం మూడు రోజులుగా వెలుగుతూనే ఉంది. లోపల ఏ ఆర్డరు ఆగిపోయిందోనని భయంగా ఉంది.

జవాబు (గూడూరు నుంచి)

అడ్మిన్ పేజీలో 103 ఎక్స్‌టెన్షన్ తెరిచి, వాయిస్ మెయిల్ భాగంలో కొత్త పాస్‌వర్డ్ పెట్టి సేవ్ చేయండి, ఆ తర్వాత పైన కనిపించే ఎర్ర బటన్ నొక్కి మార్పులను అమలు చేయడం మరచిపోకండి. పాత మెసేజ్‌లు ఎక్కడికీ పోవు. మా దుకాణంలో ఇలాగే సరిపోయింది.

జవాబు (నెల్లూరు నుంచి)

గూడూరు మిత్రులు చెప్పినదానిలో తప్పేమీ లేదు కానీ, ఫోన్ మార్చిన రోజు నుంచే ఈ ఇబ్బంది మొదలైంది కనుక నా అనుమానం పాస్‌వర్డ్ మీద కాదు, ఫోన్ మీద. తేల్చుకోవడం తేలిక. వేరే గదిలోని ఫోన్ నుంచి స్టార్ 98 నొక్కితే మెయిల్‌బాక్స్ నంబరు అడుగుతుంది. 103 కొట్టి అదే పాస్‌వర్డ్ ఇవ్వండి. అక్కడ తెరుచుకుంటే ముందు మెసేజ్‌లన్నీ వినేయండి, వ్యాపారం ఆగదు. పాస్‌వర్డ్ జోలికి వెళ్లనక్కర లేదు.

అలా తెరుచుకుంటే, మీరు కొట్టిన అంకెలు కొత్త ఫోన్ నుంచి ఫ్రీపీబీఎక్స్ నడిచే సర్వర్‌కు సరిగా చేరడం లేదన్నమాట. మీట నొక్కినప్పుడు వినిపించే కూతలో రెండు పౌనఃపున్యాలు కలిసి ఉంటాయి. ఏడుకైతే 852, 1209 హెర్ట్జ్‌లు. ఆ కూతను ఫోన్ మాటలతో పాటే పంపితే దాన్ని ఇన్‌బ్యాండ్ అంటారు. గొంతును డేటాగా మార్చి పంపే పద్ధతిని కోడెక్ అంటారు. సెకనుకు 64 కిలోబిట్లు వాడే జి.711 కోడెక్‌లో కూత చెక్కుచెదరదు. జి.729 సెకనుకు 8 కిలోబిట్లే వాడుతుంది, పైగా మనిషి గొంతుకు తగ్గట్టు తయారైనది. అందులో మాట బాగానే వినిపిస్తుంది కానీ కూత నలిగిపోతుంది. అందుకే మాట్లాడేటప్పుడు మీకు ఏ లోపమూ తెలియలేదు. కూతతో పని లేకుండా అంకెను విడి ప్యాకెట్‌గా పంపే పద్ధతి ఇంకొకటి ఉంది. కొన్ని ఫోన్ల మెనూలో దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 2833 అనీ, కొన్నింటిలో 4733 అనీ రాస్తారు; రెండూ ఒక్కటే అనుకోండి.

సర్వర్ కన్సోల్ తెరిచి ఉంచి ఇంకొకసారి తప్పు పాస్‌వర్డ్ అనిపించుకోండి. తనకు ఏ అంకెలు వినిపించాయో ఆస్టెరిస్క్ (ఫ్రీపీబీఎక్స్ లోపల కాల్స్ నడిపే సాఫ్ట్‌వేర్) అక్కడ అచ్చంగా రాసి చూపిస్తుంది. ఆ ఒక్క వరుస చూస్తే గంటల తరబడి ఊహించే పని తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు

స్టార్ 98తో మేనేజరు గారి గది నుంచి మొదటిసారికే తెరుచుకుంది. ఐదు మెసేజ్‌లున్నాయి, వాటిలో ఒకటి 20 మిల్లీమీటర్ల పలకల ధర అడుగుతూ వచ్చినది. తర్వాత కన్సోల్ చూశాను. మా పాస్‌వర్డ్‌లో నాలుగు అంకెలు, మధ్యలో రెండు ఏడులు పక్కపక్కనే ఉంటాయి. సర్వర్‌కు వినిపించినవి మూడే, రెండు ఏడులు కలిసి ఒకటైపోయాయి! కొత్త ఫోన్ సెట్టింగుల్లో నిజంగానే ఇన్‌బ్యాండ్ అని ఉంది, కోడెక్‌ల వరుసలో జి.729 మొదట ఉంది. 2833కు మార్చి ఫోన్‌ను ఆపి మళ్లీ ఆన్ చేశాక స్టార్ 97 పని చేసింది. అయితే మెసేజ్‌లన్నీ విన్నా దీపం ఆరలేదు.

జవాబు (నెల్లూరు నుంచి)

దీపాన్ని వెలిగించేదీ ఆర్పేదీ సర్వర్ పంపే నోటిఫై సందేశమే, ఫోన్ తనంతట తాను ఏదీ నిర్ణయించుకోదు. ఫోన్ సెట్టింగుల్లో మెసేజ్ వెయిటింగ్ సబ్‌స్క్రిప్షన్, అంటే ఏ మెయిల్‌బాక్స్ కబురు కావాలని ఫోన్ సర్వర్‌ను అడుగుతుందో ఆ అమరిక, ఏ నంబరుకు ఉందో చూడండి. వేరే ఎక్స్‌టెన్షన్ సెట్టింగులను నకలు చేసి ఉంటే అక్కడ పాత నంబరే మిగిలిపోయి ఉంటుంది. అలాగే కోడెక్‌ల వరుసలో జి.711ను పైకి తెచ్చుకోండి, ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో పొదుపు చేయాల్సినంత కరువేమీ ఉండదు.

ప్రశ్న అడిగినవారు

అదే జరిగింది. మేనేజరు గారి 101 ఫోన్ సెట్టింగులను నకలు చేసి ఎక్కించారట, ఆయన మెయిల్‌బాక్స్‌లో ఆయన వినని రెండు మెసేజ్‌ల కోసం మా 103 దీపం వెలుగుతోంది. నంబరు సరిచేయగానే ఆరిపోయింది. ఆ రెండు మెసేజ్‌ల సంగతి ఆయనకు చెప్పాను.