చెరువు పక్కన ప్లాట్, ఎల్‌ఆర్‌ఎస్ ఆగిపోయింది. ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో నాన్న 2009లో కొన్న 200 గజాల ప్లాట్ మాది. అనధికార లేఅవుట్. 2020లో వెయ్యి రూపాయలు కట్టి, ఇలాంటి ప్లాట్లను రెగ్యులరైజ్ చేసే ప్రభుత్వ పథకం ఎల్‌ఆర్‌ఎస్‌కి అప్లై చేశాం, ఆ రసీదు ఇంకా భద్రంగా ఉంది. ఇప్పుడేమో చెరువుకి 200 మీటర్లలోపు ఉందని ఫైల్ ఆపారు. ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు వచ్చి చూడాలట. చెరువు పెద్దదే, 25 ఎకరాలు దాటుతుంది, అంటే బఫర్ (చెరువు చుట్టూ ఏమీ కట్టకూడని స్థలం) 30 మీటర్లు. కట్ట దగ్గర్నుంచి మా హద్దురాయి దాకా టేపు పట్టి కొలిస్తే 140 మీటర్లు వచ్చింది. కానీ కొలవాల్సింది చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే ఎఫ్‌టీఎల్ గీత నుంచి కదా, ఆ మ్యాప్ ఎక్కడ తీసుకోవాలి? ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదనే పత్రానికి) మేమే విడిగా దరఖాస్తు పెట్టాలా, వాళ్లే ఇన్‌స్పెక్షన్‌కి వస్తారా? నాన్న ఆరోగ్యం బాగాలేదు, ఇల్లు మొదలుపెట్టడం ఆయన చూడాలని నా ఆశ. చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటి ఫైల్ క్లియర్ చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.