హోటల్ వేస్ట్‌లో ప్లాస్టిక్ తునకలు: బీఎస్‌ఎఫ్ పురుగులకు పెట్టొచ్చా? (తిరుపతి)

చంద్రగిరి నాటుకోళ్లు:
అందరికీ నమస్కారం. నాది చంద్రగిరి దగ్గర చిన్న షెడ్డు, రెండు వందల నాటుకోళ్లు. మేత రేటు తట్టుకోలేక ఆర్నెల్ల కిందట బీఎస్‌ఎఫ్ పురుగులు, అదే బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు, పెంచడం మొదలుపెట్టాను. తిరుపతిలో బస్టాండు వైపు రెండు హోటళ్లు, ఒక టీ కొట్టు నుంచి రోజూ అరవై కేజీల దాకా వేస్ట్ తెచ్చుకుంటున్నా. మొదట్లో అన్నం, కూరగాయల తొక్కలు, అరిటాకులు, అంతే వచ్చేవి. అక్కడ పనివాళ్లు మారారు, ఇప్పుడు బకెట్లో సాంబారు పార్శిల్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, సిల్వర్ పూత పేపర్ ప్లేట్లు అన్నీ కలిసిపోతున్నాయి. చేత్తో ఏరే ఓపిక లేక నెల రోజులుగా మొత్తం ష్రెడ్డర్‌లో, అదే ముక్కలు చేసే మిషన్లో, వేసేస్తున్నా, పురుగులు తినేవి తింటాయి, మిగిలింది జల్లెడ పట్టుకుందాంలే అని. మొన్న పురుగులు తినగా మిగిలిన ఎరువు మిద్దె మీద ఆరబోస్తే ఎండకి తళతళా మెరుస్తోంది. ఏందబ్బా అని వంగి చూస్తే ఆవగింజంత, అంతకన్నా చిన్నవి, నీలం తునకలు, తెల్ల తునకలు, లెక్కే లేదు.

నా సందేహాలు ఇవి. పురుగులు ఈ ప్లాస్టిక్ తింటాయా? తింటే ఆ పురుగుల్ని కోళ్లకి వేయొచ్చా? ఎరువు మా బావ టమాటా తోటకి అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా? యూట్యూబ్‌లో ఒకాయన ప్లాస్టిక్‌ని అరిగించుకునే పురుగులు ఉన్నాయన్నాడు, అవి ఇవేనా?

తిరుచానూరు మిద్దెతోట:
నేనూ చూశానన్నా ఆ వీడియో. థర్మాకోల్ ముక్కని బొక్కలు బొక్కలుగా కొరికేస్తున్నాయి. అదే నిజమైతే మున్సిపాలిటీ వాళ్లకి ఇంత కష్టం ఎందుకని అప్పుడే అనుకున్నా.

రేణిగుంట ట్రేలు:
ముందు ఆ వీడియో సంగతి తేల్చేద్దాం. థర్మాకోల్ తినేవి మీల్‌వర్మ్‌లు, పిండిలో పడే పురుగు జాతి. 2015లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి చూపించారు, వాటి పేగుల్లోని బ్యాక్టీరియా సాయంతో థర్మాకోల్‌ని కొంత విరగ్గొడతాయని. 2017లో ఇంకొకటి వచ్చింది, తేనెపట్టు మైనం తినే పురుగు పాలిథిన్ సంచికి చిల్లులు పెట్టిందని. రెండూ మన పురుగులు కావు. పైగా లెక్క చూడండి, వంద మీల్‌వర్మ్‌లు రోజంతా కొరికినా 34 నుంచి 39 మిల్లీగ్రాములే. ఒక్క గ్రాము పోవాలంటే రెండున్నర వేల నుంచి మూడు వేల పురుగులు ఒక రోజు పని చేయాలి. కొత్త టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్ ఎంత ఉంటుందో మీకు తెలుసు.

మన బీఎస్‌ఎఫ్ సంగతికొస్తే, దాని నోరు చాలా చిన్నది. బాగా ఎదిగిన లార్వాకి కూడా సుమారు పావు మిల్లీమీటరు. ముక్క అంతకన్నా పెద్దదైతే దానికి అంటుకున్న అన్నం, పులుసు తినేసి ముక్కని కడిగినట్టు వదిలేస్తుంది. సన్నటిదైతే తిండితో పాటే లోపలికి పోతుంది, ఎక్కువ శాతం అలాగే వెనక నుంచి వచ్చేస్తుంది. దీంతో పురుగు చావదు, ఎదుగుదల కూడా పెద్దగా తగ్గదు. మోసమంతా అక్కడే. ట్రేలో పురుగులు లావుగా కళకళలాడుతుంటే అంతా బాగుందనుకుంటాం.

పురుగులు వేస్ట్‌ని సగానికి పైగా తగ్గిస్తాయి కదా, ప్లాస్టిక్ మాత్రం తగ్గదు. పది కేజీల వేస్ట్‌లో యాభై గ్రాముల ప్లాస్టిక్ పోయిందనుకోండి, చివర్లో మూడు కేజీల ఎరువు మిగిలితే ఆ యాభై గ్రాములూ ఇంచుమించు ఆ మూడు కేజీల్లోనే ఉంటాయి. చారు మరిగే కొద్దీ ఉప్పు ఎక్కువైనట్టు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. మీ మైక్రోప్లాస్టిక్‌లో సగం మీరే తయారు చేశారన్నా. అయిదు మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కని మైక్రోప్లాస్టిక్ అంటారు. పార్శిల్ కవరు ఉన్నది ఉన్నట్టు ట్రేలోకి పోయుంటే పన్నెండు రోజుల తర్వాత రెండు వేళ్లతో లాగి పారేసేవాళ్లు. దాన్ని ష్రెడ్డర్‌లో వేసి వెయ్యి ముక్కలు చేశారు. నేనూ మొదటి ఏడాది ఇదే పని చేశాను, అందుకే చెబుతున్నా.

చంద్రగిరి నాటుకోళ్లు:
కోపమేం లేదు సార్, నిజమే. ష్రెడ్డర్‌కి ముప్పై వేలు పెట్టాను, వాడకపోతే బాధ. ఇప్పుడు తయారైన ఎరువు మూడు మూటలుంది. కంటికి కనిపించేవి జల్లెడ పట్టేస్తే మిగతాది ఫర్వాలేదా? లోపల ఎంతుందో తెలుసుకునే దారి ఏమైనా ఉందా ఇంట్లో?

రేణిగుంట ట్రేలు:
ఖచ్చితంగా ఎంతని ఇంట్లో తేలదు, కానీ ఉందా లేదా, ఎక్కువా తక్కువా అనేది తెలుస్తుంది. బాగా ఎండిన ఎరువు రెండు చెంచాలు తీసుకోండి. లీటరు నీళ్లలో రాళ్ల ఉప్పు ఇక కరగను అనేదాకా కలపండి, దాదాపు 350 గ్రాములు పడుతుంది. గుడ్డలో వడగట్టి, గాజు సీసాలో పోసి ఎరువు వేసి గట్టిగా ఊపి రాత్రంతా కదపకుండా పెట్టండి. ప్లాస్టిక్ సీసా వద్దు, దాని తునకలే కలిస్తే లెక్క తప్పుతుంది. కవర్లు, సంచులు, థర్మాకోల్ లాంటివి పైకి తేలతాయి. పొట్టు, నారలు కూడా తేలతాయి కాబట్టి కంగారు పడొద్దు. తేలినవాటిని తెల్ల పేపరు మీదికి తీసి, సూదిని ఎర్రగా కాల్చి ఒక్కొక్కదానికి తాకించండి. ప్లాస్టిక్ అయితే ముడుచుకుపోతుంది, లేదా సూదికి అంటుకుని సాగుతుంది. పొట్టు అయితే నల్లబడుతుంది, అంతే. నీళ్ల బాటిల్ ప్లాస్టిక్, పీవీసీ మాత్రం ఉప్పునీళ్లలో కూడా మునుగుతాయి, అవి ఈ పరీక్షకి దొరకవు.

జల్లెడ విషయం. రెండు మిల్లీమీటర్ల జల్లెడతో పెద్దవి పోతాయి, చిన్నవి ఎరువుతో పాటే కిందికి జారతాయి. వాటిని తీసే దారి మన చేతుల్లో లేదు. ఆ మూడు మూటలూ టమాటా తోటకి వద్దు. మట్టిలోకి పోయినదాన్ని మళ్లీ ఏరలేం, మీ బావ దున్నినప్పుడల్లా ఇంకా చిన్నవవుతాయి. షెడ్డు ముందు వేపచెట్లో, కానుగ చెట్లో ఉంటే ఒక్కసారికి వాటి మొదళ్లలో వేసి ఊరుకోండి, పిల్లకాలువ పక్కన మాత్రం వద్దు.

అడగడం మర్చిపోయా, అరవై కేజీలకి ఎన్ని ట్రేలు తిప్పుతున్నారు?

చంద్రగిరి నాటుకోళ్లు:
ముప్పై. రోజూ కొంచెం కొంచెంగా అన్నింటిలో వేస్తా.

రేణిగుంట ట్రేలు:
చాలవన్నా. అరవై బై నలభై సెంటీమీటర్ల ట్రేకి అయిదు రోజుల పిల్ల పురుగులు పది వేలు, మొత్తం మీద పదిహేను కేజీల తడి వేస్ట్, పన్నెండు రోజులు, ఇది అందరూ వాడే లెక్క. మీకు రోజుకి నాలుగు ట్రేలు నిండుతాయి, పన్నెండు రోజులకి నలభై ఎనిమిది కావాలి. ముప్పైలో కుక్కితే తినకుండా మిగిలిపోతుంది, అడుగున జిగట చేరుతుంది, జిగటగా ఉన్నదాన్ని ఏ జల్లెడా పట్టలేదు. అన్నం, సాంబారు వేస్ట్ అయితే తవుడో కొబ్బరి పొట్టో కలపండి. పిడికిట్లో పిండితే రెండు మూడు చుక్కలు రావాలి, ధారగా కారకూడదు. చివరి రెండు మూడు రోజులు ఏమీ వేయకుండా వదిలేస్తే ఎరువు పొడిపొడిగా అవుతుంది, అప్పుడు పురుగులూ, పెద్ద ప్లాస్టిక్ ముక్కలూ జల్లెడ మీద సులువుగా విడిపోతాయి. మన ఎండల్లో రేకుల షెడ్డయితే మధ్యాహ్నం ట్రేలో చెయ్యి పెట్టి చూసుకోండి. వాటికి 27 నుంచి 30 డిగ్రీలు హాయి. మరీ వేడెక్కితే ట్రే దిగి పారిపోతాయి.

పశువైద్య విద్యార్థిని, తిరుపతి:
కోళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా అన్నా. ట్రేలోంచి తీసిన పురుగుని అలాగే వేయకండి. శుభ్రమైన తవుడులోనో రంపపు పొట్టులోనో ఒకటి రెండు రోజులు తిండి లేకుండా ఉంచితే పొట్ట ఖాళీ చేసుకుంటుంది. సన్న ప్లాస్టిక్ ఉండేది ప్రధానంగా పేగులోనే కాబట్టి చాలావరకు బయటికి వచ్చేస్తుంది, పూర్తిగా పోతుందని మాత్రం నేను అనను. తర్వాత కడిగి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ముంచి ఎండబెట్టండి. ఎండిన పురుగులో ప్రొటీన్ దాదాపు నలభై శాతం, కొవ్వు ముప్పై దాకా ఉంటాయి, కొవ్వు ఎక్కువ కాబట్టి మొత్తం మేతలో పది శాతంతో మొదలుపెట్టి రెట్టలు ఎలా వస్తున్నాయో చూసుకుంటూ పొండి.

ఇంకో భయం ప్లాస్టిక్ కన్నా ముందుంది. ఈ పురుగులు కాడ్మియం అనే విష లోహాన్ని ఒంట్లో పోగు చేసుకుంటాయి, పొట్ట ఖాళీ చేసినా అది పోదు. పాత బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ చెత్త పడే డబ్బాలోంచి వేస్ట్ తేవద్దు. యూరప్‌లో పురుగుల ప్రొటీన్‌ని చేపల మేతలో 2017లో, కోళ్ల మేతలో 2021లో ఒప్పుకున్నారు, కానీ హోటల్ ఎంగిలి మీద పెంచిన పురుగుని మేతకి ఒప్పుకోరు. మనం ఎంగిలి మీదే పెంచుతున్నాం, కాబట్టి జాగ్రత్త మన బాధ్యతే.

చిత్తూరు మామిడితోట:
అన్నా, హోటళ్లని నమ్ముకోవడం ఎందుకు. జూన్, జూలైలో మా వైపు పల్ప్ ఫ్యాక్టరీల దగ్గర బెంగుళూరా మామిడి తొక్కలు, టెంకలు కుప్పలు కుప్పలు, కొన్ని చోట్ల తీసుకుపోతే చాలంటారు. ప్లాస్టిక్ ఉండదు.

రేణిగుంట ట్రేలు:
మంచి మాట. రెండు చిక్కులు మాత్రం. తొక్క పుల్లగా, నీళ్లు నీళ్లుగా ఉంటుంది, తవుడు లేకపోతే రెండో రోజే పులిసి వాసన లేస్తుంది. కాయ మీద కొట్టిన పురుగుమందు మన పురుగుల్ని కూడా చంపుతుంది, కాబట్టి ముందు ఒక్క ట్రేలో వేసి రెండు రోజులు చూడండి. టెంకని అవి ముట్టవు. మిగతా పది నెలలకి మళ్లీ హోటలే దిక్కు.

తిరుచానూరు మిద్దెతోట:
నాదొక చిన్న డౌటు. కొండ మీద లడ్డూకి 2021లో డీఆర్‌డీఓ వాళ్ల పర్యావరణహిత కవర్లు మొదలుపెట్టారు కదా, మొక్కజొన్న పిండితో చేసినవి అంటారు. అలాంటి కవర్లయితే ట్రేలో వేసినా కలిసిపోతాయా?

రేణిగుంట ట్రేలు:
పన్నెండు రోజుల్లో కలిసిపోవమ్మా. ఆ రకం కవర్లకి వేడెక్కిన కంపోస్టు కుప్ప కావాలి, నెలలు కావాలి. ట్రేలో మెత్తబడి చిరుగుతాయేమో గానీ మాయం కావు. వాటిని విడిగా తీసి మీ మిద్దె మీద కంపోస్టు డబ్బా ఉంటే అందులో వేసి ఓపిగ్గా చూడండి. టీ కప్పులు, సిల్వర్ పూత ప్లేట్లు కూడా కాగితమని మోసపోవద్దు, కప్పు లోపలి నునుపు ప్లాస్టిక్ పొరే. పురుగులు కాగితాన్ని నానబెట్టి చీల్చాక ఆ పొర పలచగా మిగులుతుంది, ఎరువులో అన్నిటికన్నా ఏరడం కష్టమైంది అదే. పూలదండల దారం కూడా చూసుకోండి, ఈమధ్య అంతా ప్లాస్టిక్ దారమే.

చంద్రగిరి నాటుకోళ్లు:
మూడు వారాలైంది, ఏం చేశానో చెప్పి పోదామని వచ్చా. ఉప్పునీళ్ల పరీక్ష చేశాను. రెండు చెంచాల ఎరువులో సూదికి ముడుచుకున్నవి నలభై ఒకటి. బావకి చూపించాను, ఇంక అడగలేదు.

ష్రెడ్డర్‌ని మూల పెట్టలేదు, దానికి ముందు ఒక టేబుల్ వేశాను. ఇనుప మెష్ మీద బకెట్ కుమ్మరించి నీళ్లు కారేదాకా ఉంచి, గ్లవుజులేసుకుని ఇద్దరం ఏరుతున్నాం, అరవై కేజీలకి నలభై నిమిషాలు. పెద్ద కవర్లు కష్టం కాదు, కంటికి ఆనతాయి. ప్రాణం తీసింది ఏదో తెలుసా, పాల ప్యాకెట్ మూల. టీ కొట్లో ప్యాకెట్ మూల కత్తెరతో కోసి కింద పడేస్తారు చూడండి, గోరంత త్రికోణం ముక్క, అది. టీ పిప్పిలో కూరుకుపోయి కనిపించదు. మొదటి రోజు ఒక్క బకెట్లో అరవై మూడు ఏరాను. వాటన్నిటినీ అరచేతిలో పోసుకుని తీసుకుపోయి టీ మాస్టర్‌కి చూపించా. ఆయన నవ్వి, ఇప్పుడు మూల పూర్తిగా కోయకుండా ఒక పక్క ప్యాకెట్‌కే వేలాడేలా వదిలేస్తున్నాడు. నిన్న తొమ్మిదే వచ్చాయి.

ఒక హోటల్ వాళ్లు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా వినట్లేదు, సరే అని వాళ్ల దగ్గర మానేశా. ఇప్పుడు నలభై కేజీలే వస్తోంది, మీరు చెప్పిన లెక్కకి ముప్పై రెండు ట్రేలు చాలు కదా సార్?

రేణిగుంట ట్రేలు:
చాలు. ఇంకో రెండు ఎక్కువే తీసుకోండి, పగులుతుంటాయి.