అంతరతామరను చలికి ఇంట్లోకి తేవాలా, మిద్దె మీదే ఉంచాలా?

మిద్దెతొట్టి_అల్వాల్: మిద్దె మీద 60 లీటర్ల టబ్బు. చేపల్లేవు. నీటి మీద తేలే అంతరతామర (వాటర్ లెట్యూస్), గుర్రపుడెక్క ఉన్నాయి. డిసెంబరు మొదలైన దగ్గర్నుంచి అంతరతామర ఆకులు పసుపెక్కుతున్నాయి. సంక్రాంతి దాటేదాకా ఇంట్లో పెట్టనా?

నీటితోట_కూకట్‌పల్లి: తప్పకుండా తెచ్చేయండి. నీళ్లు 15 డిగ్రీల కిందికి దిగితే దాని ఎదుగుదల ఆగిపోతుంది. గుర్రపుడెక్క మొండిది, బయటే ఉండనివ్వండి. 25 లీటర్ల టబ్బులో జానెడు లోతు నీళ్లు పోయండి, సగం పాత నీళ్లే ఉండాలి. అరచేతికన్నా చిన్న పిలకలు ఆరేడు చాలు, ముదురువి లోపల కుళ్లుతాయి. వేళ్లు కడిగి నత్తగుడ్లు తీసేయండి. 6500 కెల్విన్ (పగటి వెలుగులాంటి తెలుపు) ఎల్‌ఈడీ 20 వాట్లది, ఆకులకు జానెడు పైన, టైమర్ పెట్టి రోజుకు 12 గంటలు. మూత మాత్రం వేయొద్దు. ఆవిరి చుక్కలై మొవ్వులో పడితే అక్కణ్నుంచే కుళ్లు మొదలు.

బాల్కనీ_నిజాంపేట్: కిటికీ వెలుగు చాలదా?

నీటితోట_కూకట్‌పల్లి: చలికాలంలో ఎండ ఎక్కువసేపు నేరుగా వచ్చేది దక్షిణం కిటికీలోకే. ఉత్తరం కిటికీ అయితే లైటు పెట్టాల్సిందే.

చెరువుగట్టు: ముందు ఏ ఆకులు పసుపెక్కాయో అడగాలి కదండీ! చలి దెబ్బ అయితే అంచులు ఉడికిన ఆకుకూరలా మెత్తబడి, తర్వాత గోధుమరంగుకు తిరుగుతాయి. కింది ముదురాకులు పసుపెక్కితే నత్రజని చాలక. కొత్తాకులు పసుపెక్కితే ఎక్కువగా ఇనుము చాలక. ఆకలితో ఉన్నదాన్ని వెలుగులేని గదిలోకి మోస్తే ఇంకా త్వరగా పోతుంది.

నీటితోట_కూకట్‌పల్లి: మొన్న రాత్రులు ఎంత చలో చూశారా? పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు పది లోపుకీ దిగుతుంది.

చెరువుగట్టు: అది గాలి లెక్క. మొక్క ఉండేది నీళ్లలో. తెల్లవారుజామున టబ్బులో థర్మామీటరు ముంచి చెప్పండి.

నీటితోట_కూకట్‌పల్లి: ఆకులుండేది గాలిలోనే! పైగా 60 లీటర్ల నీళ్లు చల్లటి స్లాబు మీద ఎంతసేపు వేడి నిలుపుతాయి? ప్రతి టాపిక్‌లోనూ మొక్కను కాపాడుకుంటామంటే మీరు అడ్డుపడుతున్నారు. అసలు అభ్యంతరం ఏమిటో చెప్పండి.

చెరువుగట్టు: చెబుతాను. ఇంట్లో కాపాడిన ఏడు పిలకలు మార్చి ఎండకు టబ్బు నిండిపోతాయి. మిగులు నాలాలోకి, నాలా నుంచి చెరువుకు. మూసీ చూడండి, గుర్రపుడెక్క ఎలా కప్పేసిందో! దాని విత్తనాలు బురదలో 15 ఏళ్లు దాటినా మొలుస్తాయి. అంతరతామర వేళ్లకు మాన్సోనియా దోమ లార్వాలు అతుక్కుని, వేరులోంచే గాలి పీల్చుకుంటాయి. అందుకే నూనె చల్లినా చావవు. చలికి పోయేదాన్ని పోనివ్వండి.

బాల్కనీ_నిజాంపేట్: దోమల సంగతి నిజమే.

నీటితోట_కూకట్‌పల్లి: తప్పు పారేయడంలో ఉంది, పెంచడంలో కాదు. మిగులును మిద్దె మీద పరచి, వారంపాటు కరకరలాడేలా ఎండబెట్టి కంపోస్టులో వేస్తే నాలా దాకా ఎందుకు వెళుతుంది?

చెరువుగట్టు: ఎంతమంది ఎండబెడతారు? మీరు బతికించే పద్ధతి గజం పొడుగు రాశారు, పారేసే పద్ధతి నేను గట్టిగా అడిగితేగానీ రాయలేదు.

నీటితోట_కూకట్‌పల్లి: అది ఒప్పుకుంటాను. పై పోస్టులో చేర్చాల్సింది.

మిద్దెతొట్టి_అల్వాల్: చూశాను. పసుపెక్కినవి కింది ఆకులే, అంచులు గట్టిగానే ఉన్నాయి. పొద్దున 6 గంటలకు నీళ్లు 17 డిగ్రీలు. టబ్బులో పోసింది ఆర్‌ఓ నీళ్లు.

చెరువుగట్టు: ఆర్‌ఓ నీళ్లలో మొక్కకు తిండేముంటుంది? సగం తీసి, ఒక రోజు నిల్వ ఉంచిన నల్లా నీళ్లు పోయండి. చేపల్లేవు కాబట్టి 60 లీటర్లకు 2 గ్రాముల 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) కలపండి. పసుపాకులు మళ్లీ పచ్చబడవు, తుంచేయండి. పది రోజుల్లో కొత్తాకు చూసి చెప్పండి.

నీటితోట_కూకట్‌పల్లి: అయినా నాలుగు పిలకలు లోపల ఉంచండి. 17 నుంచి 15కి ఎంతో దూరం లేదు.