కారులో కుక్క ఉందని అద్దం పగలగొట్టాను, ఇప్పుడు కేసు పెడతానంటున్నారు. ఏం చెయ్యాలి?

సీతమ్మధార_కుర్రోడు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. రెండ్రోజులుగా నిద్ర లేదు, అంత టెన్షన్‌లో ఉన్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం విశాఖలో సిరిపురం దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో మా పిన్ని మనవరాలి బారసాలకి వెళ్ళాను. రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ అంటారే, సరిగ్గా అదే. బండి పార్క్ చేసి వస్తుంటే పక్కనున్న తెల్ల కారులో ఏదో కదిలినట్టు అనిపించింది. వంగి చూస్తే వెనక సీటు కింద కాళ్ళు పెట్టుకునే చోట చిన్న షిట్జూ కుక్క. ముందు డోర్ అద్దం వేలెడంత దించి ఉంది. తట్టాను, తల కూడా తిప్పలేదు. నోటి చుట్టూ చొంగ జిగురులా అంటుకుపోయి ఉంది, లేవబోయి వెనక కాళ్ళు జారి పడిపోయింది.

పరిగెత్తుకెళ్ళి వాచ్‌మన్‌కి చెప్తే ఆయన మైకులో కారు నంబరు రెండుసార్లు చదివించాడు. డీజే మోతలో ఎవరికి వినిపిస్తుంది? 112కి ఫోన్ చేశాను, పంపిస్తున్నామన్నారు. నాలుగు డోర్లూ లాగి చూశాను, అన్నీ లాకే. ఇంకో పది నిమిషాలు అయ్యాక నా వల్ల కాలేదు. బండి టూల్ కిట్‌లోంచి స్పానర్ తీసి వెనక పక్కనుండే చిన్న అద్దం పగలగొట్టాను, పెద్దదైతే ఖర్చు ఎక్కువని. లోపల చెయ్యి పెట్టి లాక్ తీసి దాన్ని నీడలోకి మోసుకెళ్ళి క్యాన్ నీళ్ళు పోశాను. పావుగంటకి లేచి నిలబడింది.

అప్పుడొచ్చారు కారు ఆయన, చేతిలో కిళ్ళీతో. "పది నిమిషాలు కూడా కాలేదు, కిటికీ తీసే పెట్టాను, నువ్వెవడివి ముట్టుకోడానికి" అని అందరి ముందూ గొడవ. నా బండి నంబరు ఫోటో తీసుకున్నారు. మర్నాడు ఎవరి దగ్గరో నంబరు సంపాదించి ఫోన్: 22 వేలు కట్టు, లేదంటే స్టేషన్లో కంప్లైంట్ ఇస్తాను అని.

నేను చేసింది నేరమేనా? మరి ఆయన చేసింది? డబ్బులు కట్టెయ్యమని మా నాన్నగారు, కట్టొద్దని మా బావ. ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి.

మద్దిలపాలెం_1978:

నీకెందుకయ్యా ఊళ్ళో కుక్కల గొడవ. మైకులో చెప్పించావు, పోలీసులకి చెప్పావు, అక్కడితో నీ పని అయిపోయింది. ఇప్పుడు స్టేషన్ చుట్టూ తిరుగు.

నల్లకోటు:

పై పెద్దాయన మాటలు పట్టించుకోకు తమ్ముడూ. నేను ఇక్కడ జిల్లా కోర్టులోనే ప్రాక్టీస్ చేస్తాను. ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నా, అయితే నీ కాగితాలన్నీ చూడకుండా ఇచ్చే సలహా ఇది, అది గుర్తుపెట్టుకో.

ముందు ఆయన సంగతి. మనకి 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ఉంది. సెక్షన్ 11లో అనవసరమైన బాధ పెట్టడం, నీళ్ళూ తిండీ నీడా ఇవ్వకపోవడం అన్నీ ఉన్నాయి. కానీ శిక్ష ఎంతో తెలుసా? మొదటిసారైతే 10 నుంచి 50 రూపాయల జరిమానా. బీచ్ రోడ్డులో కొబ్బరిబొండం కూడా రాదు దానికి. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా ఇలాంటివి చాలామటుకు పోలీసులు తమంతట తాము కేసు కట్టే రకం కాదు, మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. ఈ చట్టం కింద ఏదైనా మూడు నెలల్లోపే వెయ్యాలి, ఆ తర్వాత గడువు అయిపోతుంది. అలాగని పోలీసుల చేతిలో ఏమీ లేదనుకోకు, కానిస్టేబుల్ కంటే పై ర్యాంకు అధికారికి నేరం జరుగుతోందని నమ్మకం కలిగితే సెక్షన్ 34 కింద జంతువుని స్వాధీనం చేసుకుని పరీక్షకి పంపొచ్చు. అందుకే 112కి చెప్పేటప్పుడు "కుక్క కారులో ఉంది" అని వదిలెయ్యకుండా "చచ్చిపోయేలా ఉంది" అని గట్టిగా చెప్పాలి.

బీఎన్ఎస్, అంటే భారతీయ న్యాయ సంహిత, దాని సెక్షన్ 325 గురించి కూడా ఎవరో ఒకరు ఇక్కడ రాస్తారు, నేనే ముందు చెప్తాను. జంతువుని చంపినా వికలాంగం చేసినా ఐదేళ్ళ దాకా శిక్ష, నిజమే, పాత ఐపీసీలోని 428, 429 బదులు 2024 జులై 1 నుంచి అదే వచ్చింది. కానీ దానికి ఉద్దేశమో, నష్టం జరుగుతుందని తెలిసి ఉండటమో కావాలి. మతిమరుపుతో సొంత కుక్కని వదిలేసిన మనిషి మీద, అదీ కుక్క బతికి ఉండగా, అది నిలబడటం కష్టం.

ఇక నీ సంగతి. ఇంకొకరి ఆస్తి పాడుచేస్తే బీఎన్ఎస్ 324. మామూలుగా ఆరు నెలల దాకా, నష్టం 20 వేలు దాటి లక్షలోపైతే రెండేళ్ళ దాకా. ఆయన 22 వేలు అనడంలో కిటుకు ఇదేనేమో, ఎవరో చెప్పి ఉంటారు. అందుకే అసలు బిల్లు చూడకుండా ఆ అంకె ఒప్పుకోకు.

నీకు అండగా నిలబడేది బీఎన్ఎస్ సెక్షన్ 19, పాత ఐపీసీలో 81. నష్టం జరుగుతుందని తెలిసినా, చెడు ఉద్దేశం లేకుండా, మంచి మనసుతో, మనిషికో ఆస్తికో జరగబోయే ఇంకో నష్టాన్ని ఆపడానికి చేసిన పని నేరం కాదు. ఇక్కడొక తమాషా చూడు. మన చట్టం కుక్కని ప్రాణిగా కంటే ఆస్తిగానే ఎక్కువ చూస్తుంది, జంతుప్రేమికులకి అదే కోపం. నీకు మాత్రం ఆ ఆస్తి మాటే పనికొస్తుంది: ఆయన ఆస్తి పోకుండా ఆపడానికి ఆయన ఆస్తే ఇంకోటి, అంటే అద్దం, పగలగొట్టావు. నేనైతే కోర్టులో ఈ మాటే ముందు పెడతాను. రాజ్యాంగంలో 51ఏ(జీ) ప్రాణుల మీద దయ చూపడం పౌరుడి విధి అంటుంది, 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా పట్టుకుంది కూడా. కానీ అది పక్కబలమే, అదొక్కటే పట్టుకుని ఎవడి కారు అద్దమైనా కొట్టొచ్చని ఎవరూ అనుకోవద్దు. కారు అద్దం పగలగొట్టి జంతువుని కాపాడొచ్చు అని సూటిగా చెప్పే సెక్షన్ మన దగ్గర లేదు. నిజంగా ప్రమాదం ఉందా, ఇంకో దారి చూశావా, ఈ రెండే తేలాలి.

కాబట్టి 112 కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. వాచ్‌మన్ పేరు రాసుకో. హాల్ సీసీ కెమెరా ఫుటేజ్ కోసం ఇవాళే వెళ్ళి అడుగు, కొన్ని రోజులకి దానంతటదే చెరిగిపోతుంది. వాట్సాప్‌లో ఆయనకి "తప్పయిపోయింది అన్నా" అని మాత్రం పెట్టొద్దు. ఇది రాజీ పడదగ్గ నేరమే, మాట్లాడుకుని ముగించుకోవడంలో తప్పేం లేదు.

కుక్కపిల్లల_డాక్టరమ్మ:

బాబూ, నువ్వు చెప్పిన గుర్తులు చూస్తే అది వడదెబ్బే, అనుమానం లేదు. జిగురు చొంగ, పిలిస్తే పలక్కపోవడం, కాళ్ళు తడబడటం. ఆ తర్వాత వాంతులు, ఫిట్స్.

కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల కింద కాస్త తప్ప. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఏసీ. విశాఖలో గాలిలో ఎంత తేమ ఉంటుందో మీ అందరికీ తెలుసు, బట్టలే ఆరవు, ఇంక దాని నాలుక మీద తడి ఏం ఆరుతుంది? అందుకే రాయలసీమలో 42 డిగ్రీలు, మనకి 36 అని ధీమాగా ఉండకూడదు. షిట్జూ, పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి మామూలు రోజుల్లోనే ఊపిరి కష్టం.

ఆగి ఉన్న కారులో పది నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది, గంటలో 20 దాటుతుంది. బయట 36 ఉంటే లెక్క వేసుకోండి. వేలెడు సందు వదిలితే చాలనేది ఉత్త భ్రమ, కొలిచి చూసినవాళ్ళు పెద్ద తేడా లేదనే చెప్పారు. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 మధ్య, 41 దాటిందంటే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది.

నువ్వు మామూలు నీళ్ళు పొయ్యడం మంచి పని. చాలామంది ఐసు తెచ్చి పెట్టేస్తారు, తడి తువ్వాలు కప్పి వదిలేస్తారు, ఆ తువ్వాలే కాసేపటికి వేడెక్కి దుప్పటిలా అవుతుంది. నీళ్ళు పోస్తూ గాలి విసరాలి, ముందు చల్లబరిచి ఆ తర్వాతే ఆసుపత్రికి. నోట్లో బలవంతంగా నీళ్ళు పొయ్యకూడదు.

ఒక్క విషయం. లేచి నిలబడింది కదా అని అయిపోలేదు. కిడ్నీలు, రక్తం గడ్డకట్టే తీరు ఒకటి రెండు రోజుల తర్వాత కూడా దెబ్బతింటాయి. వాళ్ళు మీతో ఎంత గొడవ పడినా సరే, కుక్కకి రక్తపరీక్ష చేయించమని ఒక్క మెసేజ్ పెట్టు.

గాజువాక_టు_శాన్‌హోసే:

కాలిఫోర్నియాలో ఉంటాను, ఇక్కడ దీనికి ప్రత్యేకంగా చట్టమే ఉంది. 2016లో ఏబీ 797 అని పాస్ చేశారు, 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం డోర్లు లాక్ అయి ఉన్నాయని చూసుకుని, జంతువుకి ముంచుకొచ్చే ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి, అద్దం కొట్టే ముందే 911కో యానిమల్ కంట్రోల్‌కో ఫోన్ చేసి, అవసరానికి మించి బలం వాడకుండా తీసి, వాళ్ళు వచ్చేదాకా కుక్కతో దగ్గర్లోనే ఉండి అప్పగిస్తే, అద్దం డబ్బులు కట్టక్కర్లేదు, కేసూ ఉండదు. వదిలేసిన ఓనర్‌కి మొదటిసారి 100 డాలర్ల దాకా, జంతువుకి తీవ్రంగా హాని జరిగితే 500 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అన్ని రాష్ట్రాల్లోనూ ఇలా లేదు, కొన్ని చోట్ల పోలీసులే తియ్యాలి. తమాషా ఏంటంటే నువ్వు అక్కడ చేసినవి చాలామటుకు ఈ షరతులకి సరిపోతున్నాయి, ఆ చట్టమే మన దగ్గర లేదు.

ఆటోనగర్_గ్లాస్:

నేను గాజువాక ఆటోనగర్‌లో పద్నాలుగేళ్ళుగా కారు అద్దాలే వేస్తున్నా. 22 వేలేటి బాబూ, అద్దంతో పాటు డోరు కూడా మార్పించేస్తున్నాడా ఏటి?

కానీ నువ్వూ ఒక పొరపాటు చేశావు. చిన్న అద్దమైతే చవక అనుకున్నావు కదా, అందరూ అదే అనుకుంటారు. నా దగ్గరికొచ్చే బళ్ళలో చాలాసార్లు ఆ మూల అద్దమే డోర్ అద్దం కంటే ఎక్కువ పడుతుంది, దాన్ని గమ్ముతో అతికిస్తారు, పాతది గీకి తియ్యడానికే సగం పూట పడుతుంది. ఈసారి ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే కుక్క ఎటు ఉందో దానికి దూరంగా ఉన్న డోర్ అద్దం కొట్టండి. మధ్యలో కొడితే స్పానర్ ఎగిరి మీ మొహానికే తగులుతుంది, కింద మూలన కొట్టాలి. అది టెంపర్డ్ గ్లాసు, ఒక్కసారిగా ముక్కలై పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. డ్రైవర్ ఎదురుగా ఉండే పెద్ద అద్దం జోలికి వెళ్ళొద్దు, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఎంత కొట్టినా పగుళ్ళే తప్ప ఊడిరాదు.

ఆయన్ని జీఎస్‌టీ బిల్లు అడుగు. మోడల్ చెప్తే ధర నేను చెప్తా. సీటు సందుల్లో పలుకులు ఉండిపోతాయి, వాక్యూమ్ పెట్టించమను, లేకపోతే కుక్క పాదాలకే గుచ్చుకుంటాయి.

పేరు_చెప్పను:

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మూడేళ్ళ కిందట నేనే ఆ కారు ఓనర్‌ని. పగ్. ఏప్రిల్ నెల, మందుల షాపు పని, ఐదు నిమిషాలే అని నీడలో పెట్టి దిగాను. అక్కడ లైను, కార్డు మెషిన్ పని చెయ్యలేదు, ఏటీఎంకి వెళ్ళొచ్చాను. నీడ జరిగిపోయింది. దూరం నుంచి చూస్తే అది సీట్లో పడుకుని ఉంది, నిద్రపోతోందనుకున్నాను. డోర్ తీస్తే లోపల్నుంచి వచ్చిన వేడి గాలి ఇప్పటికీ మొహానికి తగులుతూనే ఉంటుంది.

ఆ రోజు ఆ రోడ్డు మీద నడిచివెళ్ళినవాళ్ళు ఎంతమందో. ఒక్కడు అద్దం పగలగొట్టి ఉంటే నేనూ తిట్టేదాన్నేమో, తెలీదు. తమ్ముడూ, ఆయనకి కోపం కంటే భయం, సిగ్గు ఎక్కువ ఉండి ఉంటాయి. ఒక వారం ఆగి మాట్లాడు.

సీతమ్మధార_కుర్రోడు:

అందరికీ థాంక్స్, ముఖ్యంగా పేరు చెప్పని అక్కకి. అది చదివాక ఆయన్ని తిట్టుకోవడం ఆపేశాను.

అప్‌డేట్. లాయర్ గారు చెప్పినట్టు ఫుటేజ్ కోసం వెళ్తే హాల్ మేనేజర్ ముందు ఇవ్వనన్నాడు, వాచ్‌మనే చెప్పి ఒప్పించాడు. కారు పార్క్ చేసింది 12:08కి, నేను అద్దం కొట్టింది 12:51కి. పది నిమిషాలట! అయినా ఆ వీడియో ఆయనకి పంపలేదు. డాక్టరమ్మ గారు చెప్పిన రక్తపరీక్ష మెసేజ్ మాత్రం పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

నిన్న సాయంత్రం వాళ్ళావిడ ఫోన్ చేశారు. పరీక్ష చేయించారట, కిడ్నీ కాస్త తేడా ఉందని రెండ్రోజులు సెలైన్ పెట్టారట, ఇప్పుడు తింటోందట. అద్దం బిల్లు 6,400 అయింది. సగం నేనిస్తానన్నాను, ఆవిడ వద్దన్నారు, వెనకాల ఆయన ఏదో అంటుంటే "మీరుండండి" అని గదమాయించడం వినిపించింది. కంప్లైంట్ మాట ఎత్తలేదు.

దాని పేరు లడ్డూ అట.

ఆటోనగర్_గ్లాస్:

6,400 అంటే సరైన రేటే. ఎక్కడ వేయించారో కనుక్కో, ఊరికే తెలుసుకుందామని.