నాన్న పడవ మోటారు బిగుసుకుపోయింది, ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

గోదారి అబ్బాయి, మల్కాజిగిరి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి పడవ మోటారును మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీంచి దింపి హైదరాబాద్ తెచ్చాను. బ్రిటిష్ సీగల్ కంపెనీది, ఫార్టీ ప్లస్ మోడల్. ఇంగ్లండులో పూల్ అనే రేవు పట్నంలో తయారయ్యేవి ఇవి. వశిష్ఠ పాయలో నరసాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య నాన్న తన చిన్న నావకు దీన్నే తగిలించుకుని తిరిగేవారు. 1986 గోదావరి వరదల తర్వాత గోనెసంచిలో చుట్టి పైన పెట్టేశారు. మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

తాడు చుట్టి లాగే పై చక్రం, అదే ఫ్లైవీల్, అసలు కదలడం లేదు. ప్లగ్ విప్పి టార్చి వేస్తే లోపల సన్నగా తుప్పు. ఇత్తడి ట్యాంకు అడుగున బంక పేరుకుంది. గేర్‌బాక్స్ స్క్రూ తీస్తే మజ్జిగలాంటి తెల్లటి నూనె కారింది. మా దగ్గర్లో ఒక షాపుకు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు ఫ్లైవీల్ అంచు మీద సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. మూడోది పడకుండా చెయ్యి అడ్డం పెట్టి ఇంటికి తెచ్చేసుకున్నాను.

నాన్నకు 78 ఏళ్ళు. మోకాళ్ళు సహకరించవు కానీ చేతులకు అన్నీ గుర్తున్నాయి. తాడు ముడిని ఫ్లైవీల్ గాడిలో ఎలా ఇరికించాలో కుర్చీలో కూర్చునే చూపించారు. అది మళ్ళీ తిరగడం ఆయన చూడాలని నా ఆశ. ఎక్కడ మొదలుపెట్టాలి? రంగు కూడా వేయించాలా?

రాణిగంజ్ ఫిట్టర్:

తమ్ముడూ, ముందు ఆ తాడు పక్కన పెట్టు. బిగుసుకున్న ఇంజన్‌ను గుంజితే పిస్టన్ రింగులు విరుగుతయి. లాంబ్రెటా, విజయ్ సూపర్, యెజ్డీ, అన్నీ ఇట్లాంటి టూ స్ట్రోకులే, ఎన్ని విప్పిన్నో లెక్క లేదు. డీజిల్, పవర్ స్టీరింగ్‌లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ సగం సగం కలిపి ప్లగ్ కన్నంలోంచి పొయ్యి. వారం రోజులు ఆగు. రోజూ పొద్దున ఫ్లైవీల్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదిలించి చూడు. వెంట్రుకవాసి కదిలినా చాలు, మిగతాది అదే వస్తది.

ఫ్లైవీల్ మీద విల్లియర్స్ అని కంపెనీ పేరు ఉంటే, దాన్ని ఊడదీసే పుల్లర్ పనిముట్టు కూడా అక్కర్లేదు. నడిమి నట్టు విప్పుతుంటే ముందు వదులైతది, తర్వాత మళ్ళీ బిగుస్తది. నట్టు పట్టేసిందని చాలామంది అక్కడే ఆపేస్తరు. అది పట్టెయ్యలే, ఫ్లైవీల్‌ను పైకి లాగుతున్నది. ఇంకొంచెం తిప్పితే టక్కున ఊడొస్తది. కింద నిప్పు పుట్టించే పాయింట్లు, అంటే కలిసి విడిపోయే రెండు చిన్న లోహపు బిళ్ళలు, నల్లగా ఉంటయి. సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, పెట్రోల్‌లో ముంచిన గట్టి కాగితం మధ్యలో దూర్చి లాగు. వాటి మధ్య గ్యాప్ అర మిల్లీమీటరు. అంత చేసినా నిప్పు రాకపోతే కండెన్సర్ పోయినట్టే, అప్పుడు నా దగ్గరికి రా.

కాకినాడ వాసి, కూకట్‌పల్లి:

రాణిగంజ్ అన్న చెప్పింది అక్షరాలా పాటించండి. సముద్రం దగ్గరి పాయ కాబట్టి నేను ఉప్పు సంగతి చెప్తాను. ఇంజన్ చుట్టూ నీళ్ళు తిరిగే దారుల్లో ఉప్పు, ఒండ్రు రాయిలా గట్టిపడి ఉంటాయి. గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం నిమ్మ ఉప్పు కలిపి పోసి, పావుగంటకే మంచినీళ్ళతో కడిగేయండి. ఎక్కువసేపు ఉంచితే అల్యూమినియాన్ని తినేస్తుంది.

పాత సీగల్‌కు పెట్రోల్, ఆయిల్ పాళ్ళు 10:1, అంటే లీటరుకు 100 మిల్లీలీటర్ల 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్. టూ స్ట్రోక్ స్కూటర్ల లెక్కలో తక్కువ పోస్తే లోపలి బుష్‌లు అరిగిపోతాయి. తర్వాత వచ్చిన మోడళ్ళకు 25:1, కాబట్టి ఇంజన్ నంబరు చూసి ఖాయం చేసుకోండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది. ఆ పూటకు కావలసినంతే కలిపి, పని కాగానే ట్యాంకు ఖాళీ చేయండి. గేర్‌బాక్స్‌లో 140 నంబరు ఆయిల్ పోయాలి, ట్రాక్టర్ సామాన్ల కొట్లలో దొరుకుతుంది. మజ్జిగ రంగు చూసి భయపడకండి. ఈ మోటార్లలో కాస్త నీళ్ళు దూరడం మామూలే.

నీళ్ళు లేకుండా మాత్రం స్టార్ట్ చేయకండి. నీలం డ్రమ్ము నింపి, అడ్డంగా చెక్క వేసి దానికి బిగించండి. న్యూట్రల్ లేని మోడలైతే స్టార్ట్ అవగానే పడవను తోసే కింది ఫ్యాన్ కూడా తిరిగి నీళ్ళన్నీ చిమ్ముతుంది, ముందే పిన్ను తీసి ఊడదీయండి. సెల్లార్ పార్కింగ్‌లో వద్దు, పొగ ప్రాణం తీస్తుంది. సరదాకైనా గండిపేటకు తీసుకెళ్ళకండి, అది మనం తాగే నీళ్ళు.

అల్వాల్ అక్క:

రంగు వేయించకు తమ్ముడూ. మీ నాన్నగారి చెయ్యి పడి అరిగిన చోటు ఒక్కసారి రంగు కింద పోతే మళ్ళీ రాదు. ట్యాంకు పైన చింతపండుతో తోమితే చాలు.

గోదారి అబ్బాయి, మల్కాజిగిరి:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. తొమ్మిదో రోజు ఫ్లైవీల్ కదిలింది. నట్టు రెండోసారి బిగిసినప్పుడు చాలా టెన్షన్ పడ్డాను కానీ అన్న చెప్పినట్టే టక్కుమని ఊడింది. కండెన్సర్ నిజంగానే పోయింది. అన్న తన కొట్లోనే ఇంకొకటి సరిచేసి పెట్టారు, డబ్బులు తీసుకోలేదు.

నిన్న ఆదివారం ఇంటి ముందు ఖాళీ స్థలంలో డ్రమ్ము పెట్టాం. కార్బొరేటర్ మీది చిన్న పుల్లను వేలు తడిసేదాకా నొక్కమన్నారు నాన్న. తాడు ఆయనే చుట్టారు, నేను లాగాను. ఏడో లాగుకు అంటుకుంది. వీధంతా నీలం పొగ. నాన్న మాత్రం ఇంజన్‌కేసి చూడలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, నీళ్ళు బయటికొచ్చే కన్నం దగ్గర అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. చెయ్యి తడిశాక తలూపారు. నాలుగు నిమిషాలు నడిపి ఆపేశాం.

ట్యాంకు కుళాయిలో కార్కు ఎండిపోయి పెట్రోల్ కారుతోంది. వేడినీళ్ళలో నానేస్తే ఉబ్బుతుందని నాన్న అంటే రాత్రి గిన్నెలో వేశాను. ఉబ్బకపోతే మాత్రం, రాణిగంజ్ అన్నా, వచ్చే శనివారం మళ్ళీ మీ కొట్టుకే వస్తాను. ఈసారి నాన్న కూడా వస్తానంటున్నారు.